ముదిసిన కంప్యూటరునకు క్రొత్త హార్డ్ డిస్కు

మా యింటి కంప్యూటరు 2009వ సంవత్సరమున కొన్నది. గత వేసవిలో ఒకనాడు దాని పెట్టెలోనుండి టక్కు టక్కుమను చప్పుడు వినవచ్చెను. క్షణములో తెరచుకొను ఫైళ్లకు నిమిషములు పట్టసాగెను. "పాతదైనది, పారవేయుడు" అని యింటివారనిరి. కాని అందులో మా అవ్వ పాడిన పెండ్లిపాటలున్నవి. హోసూరు ప్రాంతపు పలుకుబడితో ఆమె పాడిన ఆ పాటలు వేరెచ్చటను లేవు.

విద్యార్థులారా, ఆ చప్పుడునకు కారణము తెలిసికొందము. హార్డ్ డిస్కులో అద్దమువలె నునుపైన పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగుచుండును. వానిపై వ్రాతను చదువు ముల్లు పళ్లెమును తాకదు. వెండ్రుక మందములో వెయ్యవ వంతుకంటెను తక్కువ యెత్తున గాలిలో తేలుచుండును. ముల్లు తన చోటు కానక మరల మరల వెనుకకు పోయి వచ్చునపుడు ఆ చప్పుడు పుట్టును. 1956లో ఐ.బి.ఎం. వారు చేసిన మొదటి డిస్కు యంత్రమున 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెడివి. అది బీరువాకంటె పెద్దదైనను 50 లక్షల అక్షరములనే దాచగలిగెను.

చెడుచున్న డిస్కునకు ఆయువు కొద్ది. అది తిరిగిన ప్రతి నిమిషమును ఆ ఆయువులోని ఖర్చే. అనేకులు మొట్టమొదట డిస్కును పరీక్షించి సరిచేయు ప్రోగ్రామును నడపుదురు. అది రోగిని పరుగెత్తించి నాడి చూచుట వంటిది. వెంటనే యంత్రమును ఆపవలెను. డిస్కును ఊడదీసి, యు.ఎస్.బి. తీగతో వేరొక కంప్యూటరునకు తగిలించి, మరల దొరకనివానిని ముందుగా నకలు తీయవలెను. సినిమాలు మరల దొరకును; అవ్వ గొంతు దొరకదు. పిమ్మట మొత్తము డిస్కును నకలు చేయుటకు క్లోన్‌జిల్లా, డిడిరెస్క్యూ అను ఉచిత ప్రోగ్రాములు కలవు. రెండవది మంచి భాగములను ముందు చదివి, చెడిన భాగములకు తరువాత మరలివచ్చును. డిస్కు బొత్తిగా కానరాకున్నను, గీరుచున్నట్లు చప్పుడైనను, ఇంట విప్పరాదు, నిపుణులకే అప్పగించవలెను.

మన తెలుగువారికి ఇంకొక చిక్కు కలదు. పూర్వము మనవారు అనేకులు అను ఫాంటులతో టైపు చేసిరి. ఆ పద్ధతిలో తెలుగు అక్షరపు ముక్కలు ఆంగ్లాక్షరముల స్థానములలో కూర్చుండును. క్రొత్త డిస్కులో ఆ ఫాంటు లేనిచో తెరపై అర్థములేని గుర్తులు కనబడును. ఫైలు చెడినదని తలచి తుడిచివేసినవారిని మేమెరుగుదుము. ఫైలు చెడలేదు, లిపి మాత్రమే వెంట రాలేదు! కావున ఫాంటులను కూడ నకలు తీయుడు. తీరికగా వానిని యూనికోడునకు మార్చుకొనవచ్చును. తెలుగునకు అందు 1991లోనే స్థానము లభించినది.

బిగించుట సులువు. పాత డిస్కునకు వెడల్పాటి పట్టీ తీగ యున్నచో అది ఐ.డి.ఇ.; సన్నని తీగ యున్నచో 2003 నుండి వచ్చిన సాటా. సాటా యైనచో తిరుగు పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. కొనుట మేలు, ముసలి యంత్రమునకు ప్రాణము లేచివచ్చును. నకలు చేయదలచినచో క్రొత్తది పాతదానికంటె చిన్నది కారాదు. 2 టెరాబైట్లకు మించినదియు వలదు. పాత యంత్రములనేకము దానినుండి ఆరంభము కాజాలవు. ప్లగ్గును ఊడదీసి, పెట్టె లోహమును చేతితో తాకి, ఒంటిమీది విద్యుత్తును పోగొట్టుకొని, పిమ్మట మరలు విప్పుడు. పాత డిస్కును కొన్ని నెలలు తుడువక దాచుడు.

మాకు పదునొకండు పాటలలో తొమ్మిది దక్కినవి. తక్కిన రెండును నడుమ తెగినవి. వాని చరణములు మా పెద్దమ్మకు కొంత జ్ఞప్తియున్నవి. ఆదివారములందు కూర్చుండి వ్రాసికొనుచున్నాము.