బీటీ పత్తిలో గులాబీ పురుగు ఎందుకు చావడం లేదు?

కొండవీడు కొండ చుట్టూ నల్లరేగళ్లలో పత్తి పూతకొచ్చింది. యడ్లపాడు, నాదెండ్ల రైతులు ఆకులతోపాటు పూలనూ చూసుకోవాల్సిన రోజులివి. రేకులు విప్పుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూవు కనిపిస్తే లోపల గులాబీ రంగు పురుగు ఉన్నట్టే.

బీటీ విత్తనమే వేశాం కదా, పురుగెలా వచ్చిందని ఏటా అడుగుతున్నారు. జవాబు పురుగు పేగులో ఉంది.

బాసిల్లస్ తురింజియెన్సిస్ నేలలో బతికే బాక్టీరియా. 1901లో జపాన్‌లో ఇషివాటా చచ్చిన పట్టుపురుగుల్లో దీన్ని చూశాడు. ఇది తయారుచేసే మాంసకృత్తునే బీటీ పత్తి మొక్క తన ఆకులో, కాయలో తయారుచేసుకుంటుంది. పురుగు కొరికి మింగితే, క్షారగుణం ఉన్న దాని పేగులో విషం చురుకవుతుంది. కానీ అంతటితో పురుగు చావదు. పేగు గోడ కణాల మీద కాడ్హెరిన్ వంటి గ్రాహకాలు ఉండాలి. ఆ పట్టుకొమ్మ దొరికితేనే విషం కణానికి రంధ్రం చేస్తుంది. కణం ఉబ్బి పగులుతుంది. పురుగు మేత మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. మన కడుపులో ఆ గ్రాహకాలు లేవు. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంకలకూ ఈ విషం తగలదు; వాటి సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

2002లో వచ్చిన మొదటి బీటీలో ఒకే విషం ఉండేది. 2006లో వేరే గ్రాహకానికి అంటుకునే రెండోది చేర్చారు. అయినా 2009-10 నాటికే గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి విషాన్ని తట్టుకుంది. మన దేశపు పురుగుల్లో కాడ్హెరిన్ జన్యువే మారిపోయినట్టు పరిశోధకులు గుర్తించారు. కొన్నేళ్లకు రెండోదీ లొంగదీయలేకపోయింది. శనగపచ్చ పురుగుకు కంది, శనగ, టమాటా ఉన్నాయి. గులాబీ పురుగుకు దాదాపు పత్తే గతి, కాబట్టి తరతరానా బీటీ తిని రాటుదేలింది. ప్యాకెట్‌తో ఇచ్చిన బీటీయేతర విత్తనాన్ని చాలామంది వేయకుండా పక్కన పెట్టడం దానికి మరీ కలిసొచ్చింది.

విత్తిన 45 రోజులకు ఎకరాకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు కట్టండి. బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగులు వరసగా మూడు రోజులు పడినా, వంద పూలలో పది గుడ్డిపూలున్నా మందు కొట్టాలి. తొలి దశలో 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ.; ఉధృతి పెరిగితే థయోడికార్బ్ 1.5 గ్రాములు. పైరిత్రాయిడ్లను ముందే వాడితే తెల్లదోమ విరుచుకుపడుతుంది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆ దెబ్బ తిన్నాయి.

ఇంకో రెండు తీతలు వస్తాయని ఆశపడి చివరి తడి పెట్టి పైరు పొడిగించకండి. డిసెంబరు ఆఖరుకు తీత ముగించి, మోళ్లు దున్ని, పత్తి కట్టెను ఇంటి దగ్గర వామి వేయకుండా ముక్కలు చేయించండి.