నిద్రలో నాసికారక్షణ

అమ్మాయీ,

నీ ముక్కునకు శస్త్రచికిత్స సుఖముగా ముగిసి ఇల్లు చేరితివని మీ నాన్న వ్రాసిన ఉత్తరమువలన తెలిసి మనస్సు కుదుటపడినది. స్కూటరుపైనుండి పడిననాటినుండి వంకరవోయిన నాసికతో, రాత్రులందు ఊపిరి సరిగా ఆడక నీవు పడిన యాతన ఎరిగినవాడను గనుక, ఈ సోకులెందుకని బంధువులు గొణుగు మాటలను నీవు లక్ష్యపెట్టవలదని చెప్పుచున్నాను. నీవు లక్ష్యపెట్టవలసినది నిద్ర.

కదలించి తిన్నగా నిలిపిన ముక్కుటెముకలు గట్టిపడుటకు ఇంచుమించు ఆరు వారములు పట్టును. పైకట్టునో, సాధారణముగా వారము దినములకే తీసివేయుదురు. అంతట అద్దములో ముక్కు చక్కగా కనబడుటచే గండము గడచినదని తలచుట సహజమే గాని, లోపలి యెముక అప్పటి కింకను నిలదొక్కుకొనియుండదు. మెలకువలో మనుష్యుడు తన ముఖమును తానే కాచుకొనును. నిద్రలో ప్రక్కకు దొరలి ముక్కును తలగడకు అదిమినను, తన మోచేయి తనకే తగిలినను వానికి తెలివి యుండదు. కావున ఆ కాపుదల ఏర్పాటు పండుకొనక పూర్వమే జరుగవలయును.

ఇది నేటివారు క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఆంగ్లసేనకు ఎడ్లను తోలుచు టిప్పుసుల్తానునకు పట్టుబడి, ముక్కును ఒక చేతిని పోగొట్టుకొనిన కావస్‌జీ యనువానికి, పూనా ప్రాంతమున ఒక దేశీయ వైద్యుడు నుదుటి చర్మమును మలచి క్రొత్త ముక్కు నిర్మించిన వృత్తాంతము 1794లో లండను నగరపు ‘జెంటిల్‌మన్స్ మాగజీన్’లో అచ్చుపడినది. చికిత్సానంతరము ఐదారు దినములు రోగిని వెల్లకిల పరుండబెట్టుదురని అందే చెప్పబడినది. మత్తుమందు లేని ఆ కాలముననే, కత్తిపనితో తన బాధ్యత తీరెననుకొనక రోగి పడకనుగూడ చికిత్సలో భాగముగా నెంచిన ఆ కుశలుని వివేకమునకు నేను నమస్కరించుచున్నాను.

నీవును వెల్లకిలనే పరుండుము. తల గుండెకంటె ఎత్తున నుండినచో నెత్తురును నీరును ముఖమునకు చేరక వాపు త్వరగా తగ్గును. తలక్రింద మాత్రమే ఎత్తు పెట్టినచో మెడ వంగి నొప్పిపుట్టును. కనుక వీపు పైభాగమునుండియే ఏటవాలుగా దిండ్లు పేర్చి, జారిపోకుండ మోకాళ్ళక్రింద చుట్టిన దుప్పటి నుంచి, ఇరుప్రక్కల గట్టి దిండ్లు ఆనించుకొనుము. మొదటి రాత్రులు పడకకుర్చీలో గడపినను దోషము లేదు. ఎత్తు కనీసము రెండు వారములు, వెల్లకిల నియమము ఆరు వారములు. ఆపైన మీ వైద్యుని మాటయే ప్రమాణము.

ముక్కు మూసుకొనుటచే నోటితో ఊపిరి పీల్చవలసివచ్చి అర్ధరాత్రి గొంతు ఎండును. నాసాసంధానమును వర్ణించిన ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు ఊపిరికై రెండు నాళములు నిలుపుమనుట ఈ ఇబ్బంది నెరిగియే. నీరు చేతికందునట్లుంచుకొనుము, ఫంకా గాలి ముఖముపై సూటిగా పడనీయకుము. ముక్కు దిబ్బడ వేసినదని చీదవలదు. తుమ్ము వచ్చినచో నోరు తెరచి తుమ్ముము. పక్కమీద నవలలు చదువునపుడు కళ్ళజోడు బరువు ముక్కుపై మోపవలదు. తలమీదుగా తొడుగు దుస్తులు కొంతకాలము మానుము. మీ అక్క కొడుకు నీ కౌగిట తప్ప నిద్రపోడని నే నెరుగుదును. అయినను వానిని ఈ ఆరు వారములు మీ అమ్మ ప్రక్కకు పంపుము, పసివాని కాలు తగులుటకు క్షణము చాలును. నిద్ర పట్టలేదని వైద్యు నడుగక ఏ మాత్రయు మ్రింగవలదు. ఆస్పిరిను వంటివి రక్తస్రావమును హెచ్చించును.

తెల్లవారునప్పటికి ముఖము మరింత ఉబ్బియున్నను భయపడకుము; లేచి తిరిగినకొలది తగ్గును. ముక్కుకొన వాపు పూర్తిగా తీయుటకు సంవత్సరము పట్టవచ్చును. అయితే ఏ రాత్రియైనను ముక్కునకు దెబ్బ తగిలినను, నెత్తురు ఆగకున్నను, జ్వరముతో నొప్పి పెరిగినను, తెల్లవారనిమ్మని ఊరకుండక ఆ క్షణముననే మీ నాన్నను లేపి వైద్యునకు కబురుచేయింపుము తల్లీ.

ఇట్లు,
నీ పెదనాన్న