కువైట్ బయలుదేరే చెల్లెళ్లకు

కోనసీమ నుంచి కువైట్ వెళ్లి, ఇళ్లలో పనిచేసి, పిల్లల్ని చదివించుకుని తిరిగొచ్చినదాన్ని. ఇప్పుడు మా సంఘంలో ఎవరికి వీసా వచ్చినా ప్రార్థనకు నన్ను పిలుస్తారు. ప్రార్థన అయ్యాక వాళ్లకు చెప్పే మాటలివి.

1. అన్నీ తేలాకే అడుగేస్తామంటే కుదరదు. 75 ఏళ్ల వయసులో అబ్రామును హారాను నుంచి పిలిచినప్పుడు దేవుడు దేశం పేరు చెప్పలేదు. చూపిస్తానన్నాడు, అంతే. ఆ మాట మీదే అబ్రాము బయలుదేరాడు.

2. విశ్వాసం ఉందని కాగితాలు చూడకుండా వెళ్లొద్దు. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన) రకం అయితే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే రూపాయి కూడా ఇవ్వొద్దు. బుద్ధి కూడా దేవుడిచ్చిందే.

3. కష్టం వచ్చిందని దారి తప్పామనుకోవద్దు. దేవుడు చూపిన కనానులోనే అబ్రాముకు కరువు ఎదురైంది. నేను వెళ్లిన కొత్తలో డబ్బాల మీది అరబీ చదవలేక, నాలుక మీద వేసుకుని ఉప్పేదో పంచదారేదో తెలుసుకునేదాన్ని. నెమ్మదిగా అన్నీ వచ్చాయి. అయితే జీతం ఆపినా, చెయ్యి చేసుకున్నా అది దేవుడు పెట్టిన పరీక్ష అనుకుని ఓర్చుకోవద్దు. భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. ఆ నంబరు బైబిలు అట్ట లోపల ఇప్పుడే రాసుకోండి.

4. ఏ రోజు బలం ఆ రోజే అడగండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన మన్నాను మనిషికి ఒక ఓమెరు కొలత చొప్పున ఏ రోజుకారోజు ఏరుకున్నారు. విశ్రాంతి దినం కోసం దాచింది తప్ప, మర్నాటికి ఉంచుకున్నదంతా పురుగుపట్టింది. అగ్రిమెంటు కాలమంతటి బెంగ మొదటి రాత్రే పెట్టుకోకండి. ఈ రోజు పని, ఈ రాత్రి నిద్ర, ఇవి అడగండి చాలు.

5. వెళ్లిన చోట ముందు ప్రార్థనకు తోడు వెతుక్కోండి. అబ్రాము శెకెములో ఒకటి, బేతేలుకూ హాయికీ మధ్య ఒకటి బలిపీఠాలు కట్టాడు. తాను మాత్రం గుడారంలోనే ఉన్నాడు. మీరూ అలాగే ఆరాధనకు చోటు చూసుకోండి. కువైట్‌లో శుక్రవారం తెలుగు ఆరాధనలు జరుగుతాయి. మీరు పనిచేసే ఇంటివాళ్లు పంపితే తప్పక వెళ్లండి, పంపకపోతే ఫోనులోనైనా కలవండి. మీ పేరు పెట్టి ప్రార్థించేవాళ్లు ఇద్దరున్నా చాలు.

వెళ్లాలా మానాలా అన్నది మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. వెళ్లేటట్టయితే కాగితాలు సరిచూసుకుని, మోకాళ్లూని, ధైర్యంగా వెళ్లండి. ఇక్కడ మన మొర విన్న దేవుడు అక్కడా వింటాడు. నా విషయంలో విన్నాడు.