మూత్రపిండ రోగికి ఇంటి తోడు

బంగాళాఖాతమునందలి అండమాన్ నికోబార్ దీవులలో, 2011 సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము, నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములనుండి చేపలవేటకును, కూలిపనులకును, చిన్న వ్యాపారములకును వలసవచ్చిన కుటుంబములవారు. స్వగ్రామములతో వీరికి సంబంధము తెగలేదు. పెండ్లిండ్లకును, పండుగలకును ఓడయెక్కి పోయి వచ్చుచునే యుందురు. ఆ గ్రామములలో కొన్నింటి బాధయు వీరికి తెలిసినదే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములు కలిసిన ఉద్దానమునందు, కొబ్బరి జీడిమామిడి తోటల నడుమ, దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. మధుమేహము గాని రక్తపుపోటు గాని లేనివారికి సైతము అచ్చట ఈ వ్యాధి వచ్చుచున్నది. ఇందులకు కారణము ఇదియని శాస్త్రజ్ఞులు ఇంకను నిర్ధారణ చేయలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభింపబడినవి.

ఈ పాఠము వ్యాధికారణములను గూర్చినది కాదు. వ్యాధి ముదిరి, వారమునకు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకొనవలసి వచ్చిన భర్తకు భార్యయు, భార్యకు భర్తయు ఎట్లు తోడ్పడవలెనో ఇందు చెప్పబడును.

యంత్రము చేయు పని

ఆరోగ్యవంతుని మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. అందులో దాదాపు అంతయు తిరిగి రక్తమునకు చేరగా మిగిలిన లీటరు, లీటరున్నర మూత్రమై పోవును. ఈ పని రేయింబవళ్లు, వారములో 168 గంటలును జరుగుచుండును. డయాలిసిస్ యంత్రమైతే ఒక్కొక్కసారి 4 గంటల చొప్పున వారమునకు 12 గంటలు మాత్రమే పనిచేయును. తక్కిన 156 గంటలు లోపల చేరిన నీరు, ఉప్పు, పొటాసియము, వ్యర్థపదార్థములు రోగి శరీరముననే నిలిచియుండును. ఇంటివారు గ్రహింపవలసిన మొదటి సంగతి ఇదియే. ఆసుపత్రివారి వంతు 12 గంటలు, ఇంటివారి వంతు 156 గంటలు.

ఈ చికిత్స పాతది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, హాలెండు దేశపు కాంపెన్ పట్టణములో విలెం కోల్ఫ్ అను వైద్యుడు సెల్లోఫేన్ గొట్టములతో మొదటి యంత్రమును తయారుచేసెను. మొదట చికిత్స పొందిన పదునైదుమందిలో దాదాపు అందఱును మరణించిరి. ఆయన విడువలేదు. 1945లో 67 ఏండ్ల యొక స్త్రీ ఆ యంత్రము వలన కోలుకొనెను. అయినను రక్తనాళములను పదేపదే వాడుట సాధ్యముగాక, కొలది దినములకు మించి ఎవరికిని చికిత్స జరుపలేకపోయిరి. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతముగా అమర్చు టెఫ్లాన్ గొట్టమును కనుగొనుటతో ఆ చిక్కు తీరెను. అట్లు మొదట చికిత్స పొందిన క్లైడ్ షీల్డ్స్ అను యంత్రకార్మికుడు మఱి 11 సంవత్సరములు జీవించెను. 1966లో బ్రెషియా, సిమీనో అను వైద్యులు రోగి స్వంత రక్తనాళములనే కలిపి కుట్టు పద్ధతిని ప్రకటించిరి. నేడు "ఫిస్టులా" అని మనవారు చెప్పుకొనునది ఇదియే.

ఒక్కసారి డయాలిసిస్‌కు సుమారు 120 లీటర్ల శుద్ధజలము కావలెను. వానకాలమున మునిగి, ఎండకాలమున ధనికరి జలాశయమువైపు చూచుచుండు పోర్టుబ్లెయర్ పురవాసులు ఈ లెక్క విలువను తేలికగా గ్రహింతురు.

దీవులలోని చిక్కు

పోర్టుబ్లెయర్ నగరమునందలి (2024 నుండి దీనిపేరు శ్రీవిజయపురము) గోవింద వల్లభ పంత్ ఆసుపత్రిలో డయాలిసిస్ విభాగము కలదు. 2016లో ప్రకటింపబడిన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమము క్రింద దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఈ చికిత్స ఉచితము. కాని డిగ్లీపూర్, హట్‌బే, క్యాంప్‌బెల్‌బే వంటి దూరపు చోట్లనుండి వారమునకు మూడుసార్లు పడవపై వచ్చిపోవుట జరుగని పని. ఇట్టి కుటుంబములు పట్టణమున గది అద్దెకు తీసికొనక తప్పదు. పిల్లలు అమ్మమ్మ దగ్గర, సంపాదన సగము. ఇన్నిటి బరువు రోగికంటె తోడువచ్చినవారి మీదనే యెక్కువగా పడును.

ఇట్టి యొక కుటుంబమును ఊహింతము. భర్త జంగ్లీఘాట్ జెట్టీయందు చేపల పడవ పని చేసినవాడు, కవిటి ప్రాంతమునుండి వచ్చినవాడు. భార్య రెండిండ్లలో పనిచేసి గది అద్దె కట్టుచున్నది. నాలుగు నెలలు వరుసగా సోమ, బుధ, శుక్రవారములలో ఆసుపత్రికి పోయివచ్చిన పిమ్మట అతడు విసిగెను. ఊరినుండి వచ్చిన బంధువొకడు, ఒక క్షేత్రమున మ్రొక్కుకొని సూదులు మానివేసినవాడు బాగుపడెనని చెప్పెను. శుక్రవారము అతడు కదలలేదు. శని, ఆదివారములలో కాళ్లు వాచినవి. ఆదివారము రాత్రి పడుకొన్నచో ఊపిరి ఆడక లేచి కూర్చుండెను. అప్పుడామె పలికిన మాట యిది: "దేవుడు సూడ్డని నానన్లేదు మావా. ఆ మిసను కాడికి మనల్ని అంపినోడూ ఆయనే." ఆమె వాదింపలేదు, ఏడువలేదు. ఆటో పిలిచి ఆ రాత్రియే అత్యవసర విభాగమునకు తీసికొనిపోయెను.

పడుకొన్నప్పుడు ఊపిరాడకపోవుట ఊపిరితిత్తులలో నీరు చేరుటకు గుర్తు. తెల్లవారువరకు ఆగరాదు. కాళ్లు చేతులు బలము తప్పుట, గుండె తడబడుట పొటాసియము పెరుగుటకు గుర్తులు కావచ్చును. దీని వలన గుండె హఠాత్తుగా ఆగిపోవు ప్రమాదము కలదు. ఒక్క పర్యాయము మానినను ప్రాణాపాయమే యని ఇంటివారందఱును ఎఱిగియుండవలెను.

నీరు, ఉప్పు, కొబ్బరిబొండము

మూత్రము తగ్గినవారు దినమునకు త్రాగదగిన నీరు, ముందటి దినము వచ్చిన మూత్రమునకు అరలీటరు కలిపినంత మాత్రమే. ఇందులో టీ, మజ్జిగ, గంజి, చారు, పులుసు, మందులు మ్రింగుటకు త్రాగు నీరు అన్నియు చేరును. ఉదయమున ఒక సీసాలో ఆ పరిమాణమును పోసి, ఏది త్రాగినను అంత నీటిని అందులోనుండి తీసివేయుట మంచి యుపాయము. రెండు డయాలిసిస్‌ల నడుమ బరువు శరీరపు బరువులో నూటికి నాలుగు వంతులకు మించి పెరుగరాదు. 50 కిలోల మనిషికి ఇది 2 కిలోలు. ప్రతి ఉదయము ఒకే త్రాసుపై తూచి నోటుపుస్తకమున వ్రాయవలెను.

నీళ్లు త్రాగవద్దని భార్య గదమాయించుట వలన దాహము తీరదు. దాహమును పెంచునది ఉప్పు. ఎండుచేపలు, ఊరగాయలు, అప్పడములు, పొట్లాలలో అమ్ము కారపు తిండి మానిపించినచో సగము తగాదా తగ్గును. దినమునకు ఉప్పు మొత్తము 5 గ్రాములు, అనగా ఒక చిన్నచెంచా, మించరాదు. అంగడిలో సోడియము తక్కువయని అమ్ము ఉప్పులో పొటాసియము కలిపియుండును గనుక అది ఈ రోగికి విషము వంటిది.

కొబ్బరిచెట్టు దీవుల సంపద. నీరసించినవానికి బొండము కొట్టి యిచ్చుట తెలుగువారి మర్యాద. ఈ యొక్క మర్యాద డయాలిసిస్ రోగి విషయమున పనికిరాదు. ఒక గ్లాసు లేత కొబ్బరినీటిలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాసియము కలదు, అరటిపండులో సుమారు 400. పరామర్శకు వచ్చువారు తెచ్చు సంచిలో ఈ రెండే ముందుండును. చుట్టములను నొప్పింపకుండ వానిని పిల్లలకు పంచిపెట్టుట ఇల్లాలి నేర్పు. దీవులలో సర్వరోగనివారిణియని అమ్మబడు నోని రసమందును పొటాసియము అధికము. కోసినప్పుడు నక్షత్రమువలె కనబడు పుల్లని పండు, అనగా స్టార్ ఫ్రూట్, మూత్రపిండ రోగులకు వెక్కిళ్లు, మతిభ్రమ, మూర్ఛలు కలిగించి ప్రాణము తీయగలదు. దానిని ఇంటికే తేరాదు. బంగాళదుంప, చిలగడదుంప వంటివానిని తొక్కుతీసి సన్నగా తరిగి, గోరువెచ్చని నీటిలో రెండు గంటలు నానబెట్టి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి వండవలెను.

పథ్యమనగా అన్నియు మాన్పించుట కాదు. డయాలిసిస్‌లో మాంసకృత్తులు కొంత పోవును గనుక రోగికి అవి ఎక్కువే కావలెను. కోడిగ్రుడ్డు తెల్లసొన, ఉప్పు తక్కువగా వండిన పచ్చిచేప అతనికి మేలు చేయును. సముద్రము ప్రక్కన కాపురముండి, పథ్యము పేరిట రోగికి చారన్నము మాత్రమే పెట్టు ఇండ్లు లేకపోలేదు. ఇది ప్రేమతో చేయు అపకారము.

మ్రొక్కులు, ప్రార్థనలు

వ్యాధి దీర్ఘమైనప్పుడు మనస్సునకు ఊత కావలెను. ఉదయము దీపము పెట్టుకొనుట, ఆదివారము చర్చికి పోవుట, నమాజు చేయుట, నలుగురితో కూడి భజనలో కూర్చుండుట రోగికిని తోడున్నవారికిని ధైర్యము నిచ్చును. నాలుగు గంటలు కదలక పడుకొన్నవాడు జపము చేసికొనిన, ప్రక్కన భార్య కీర్తన పాడిన, వైద్యమునకు ఆటంకమేమియు లేదు. వైద్యసిబ్బంది దీనిని తేలిక చేయరాదు.

అయితే భక్తిలోనుండియే కొన్ని చిక్కులు పుట్టును. తీర్థమును, పానకమును నీటి లెక్కలో చేర్చవలెను. పానకములోని బెల్లమునందు పొటాసియమును కలదు. మెడయందో ఛాతీయందో గొట్టము అమర్చియున్నవాడు పుణ్యమని సముద్రస్నానము గాని తలస్నానము గాని చేసినచో గొట్టము ద్వారా క్రిములు రక్తమున ప్రవేశించి, వణకుతో కూడిన జ్వరము వచ్చును. ఉపవాసమునుండి రోగికి మినహాయింపు హిందువుల ఆచారమునను, ఇస్లామునను, క్రైస్తవ సంప్రదాయములలోను కలదు. పురోహితుడో, పాస్టరో, ఇమామో ఆ మాటను తమ నోట చెప్పినచో డాక్టరు చెప్పినదానికంటె త్వరగా నాటును. భార్య ముందుగా వారిని కలిసి మాటాడుట మంచిది.

మఱియొక సంగతి చెప్పవలసియున్నది. భర్త బాగుపడవలెనని భార్యయే కఠినోపవాసములు పట్టుట మన ఇండ్లలో కలదు. కార్తీకమాసమున పగలెల్ల ఏమియు తినక, సాయంకాలము ఆసుపత్రి మెట్లమీద సొమ్మసిల్లిపడినచో ఆ రాత్రి రోగికి అన్నము పెట్టువారెవరు? దీవులలో పిలిచినంత వచ్చు అక్కచెల్లెండ్రు అందఱికిని ఉండరు.

తోడున్నవారి సంగతి

తోడున్నవారికి నిద్ర చాలకపోవుట, రక్తపుపోటు పెరుగుట, నిష్కారణముగా కన్నీరు వచ్చుట సామాన్యము. వారమునకు ఒక పూటయైనను వేరొకరు కూర్చుండునట్లు ఏర్పాటు చేసికొనవలెను. ఒకే నీరు, ఒకే తిండి తిన్నవారు గనుక, ముఖ్యముగా ఉద్దాన ప్రాంతపువారైనచో, వారును సంవత్సరమునకొకసారి రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకొనుట అవసరము. ఒంటినొప్పులకు అంగడిలో దొరకు బిళ్లలు పదేపదే మ్రింగరాదు. అవి మూత్రపిండములకు చేటు.

రోగి కోపము భార్యమీద కాదు. సంపాదన పోయినవాడు, కుండెడు నీరు త్రాగలేనివాడు ఎవరిమీదనో కోపపడును. అతడు చేయగల పనులను, అనగా బరువు వ్రాయుట, మందులు లెక్కించుట, పిల్లల చదువు చూచుట అతనికే విడిచిపెట్టవలెను. దాంపత్యజీవితమున వచ్చు మార్పులను గూర్చియు సిగ్గుపడక వైద్యుని అడుగవచ్చును.

ఫిస్టులాగల చేతిపై రక్తపుపోటు చూడనీయరాదు, సూది వేయనీయరాదు, బరువు మోయరాదు. ప్రతిదినము వ్రేళ్లతో తాకిన ఝుమ్మను కదలిక తెలియును. అది ఆగినచో అదే దినమున ఆసుపత్రికి పోవలెను.

వేరు మార్గములు

యంత్రము లేకుండ, ఉదరమునకు అమర్చిన మెత్తని గొట్టము ద్వారా ఇంటివద్దనే దినమునకు మూడు నాలుగుసార్లు ద్రవమును మార్చుకొను పద్ధతియు కలదు. దూరపు దీవులవారికి ఇది అనుకూలము కావచ్చును. 2019 నుండి జాతీయ కార్యక్రమములో దీనికిని చోటు కల్పింపబడినది. చేతులు కడుగుకొనుటలోను, గది శుభ్రతలోను ఏమరుపాటు కూడదు. బయటకు వచ్చు ద్రవము మసకబారినను, కడుపునొప్పి కలిగినను వెంటనే వైద్యునికి చూపవలెను. ఇక మూత్రపిండ మార్పిడి విషయమున, 1994 సంవత్సరపు చట్టము ప్రకారము భార్యాభర్తలు దగ్గరి బంధువులుగానే పరిగణింపబడుదురు. భార్యలు ఇచ్చుట తరచు, భర్తలు ఇచ్చుట అరుదు. ఈ తేడాను పురుషులు ఆలోచింపవలెను.

స్వగ్రామమునకు పోవలసివచ్చినచో, ఓడ ప్రధానభూమిని చేరుటకు సుమారు మూడు దినములు పట్టును. తుపాను వచ్చిన మఱింత ఆలస్యమగును. కావున ఈ రోగికి ఓడప్రయాణము తగదు. డయాలిసిస్ అయిన మఱునాడు విమానమున పోవలెను. దిగిన ఊరిలో చికిత్సకు చోటు ముందే కుదుర్చుకొనవలెను. చేతిసంచిలో చివరి డయాలిసిస్ కాగితము, కామెర్ల వ్యాధి (హెపటైటిస్ బి, సి) పరీక్షల ఫలితములు, మందుల చీటీ, బరువు పుస్తకము, పది దినములకు సరిపడు మందులు ఉండవలెను. రక్తవృద్ధికి వేయు ఎరిత్రోపోయిటిన్ సూదిమందును మంచుగడ్డల పెట్టెలో, మంచు నేరుగా తగులకుండ గుడ్డ చుట్టి తీసికొనిపోవలెను.