నిమ్మరొట్టెలు

హైదరాబాదు నగరమునుండి పడమటగా బీజాపూరు పోవు రహదారి మీద మొయినాబాదును, దాని కావల చేవెళ్లయు ఉన్నవి. ఈ దారి కిరుప్రక్కల ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్లు పేరుపొందినవి. సమీపముననే మూసీనదిపై 1920 వ సంవత్సరమున పూర్తియైన ఉస్మాన్‌సాగరము కలదు. ఇచ్చటి రైతులు కూరగాయలను, ఆకుకూరలను, పూలను పండించి నగరపు అంగళ్లకు పంపుదురు. పూర్వము ఈ ప్రాంతమున జొన్న విరివిగా పండెడిది. జొన్నరొట్టెయే ఇంటింటి భోజనము. ఇప్పటికిని దానిని ప్రీతితో తినువారు పెక్కురు కలరు.

మొయినాబాదునకు చేరువనున్న ఒక పల్లెలో ఒక రైతు కుటుంబము కలదు. ఆ ఇంటి పెరటిలో ఒక నిమ్మచెట్టు. ఆ ఇంటిలో ఒక అవ్వ. ఆమె ఏబది సంవత్సరములు ఆ కుటుంబమునకు జొన్నరొట్టెలు చేసిపెట్టినది. పిండిలో మరిగిన నీరు పోసి, చేయి కాలునో యను భయము లేక కలిపి, బాగుగా మర్దించి, పీటపై చప్పుడగునట్లు తట్టి, పెనముపై వేసి, పైన తడిగుడ్డతో తుడిచి త్రిప్పుటలో ఆమెకు సాటి ఆ వాడలో ఎవ్వరును లేరు. కాలక్రమమున ఆమె దంతములు ఊడిపోయినవి. వ్రేళ్ల కణుపులు బిగుసుకొనినవి. తాను చేసిన రొట్టెనే తాను నమలలేక పాలలో నానవేసికొని తినవలసివచ్చెను. ఆమె ఈ సంగతి నెన్నడును నోరు విప్పి చెప్పలేదు. కాని ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు కనిపెట్టినది.

ఒకనాడా బాలిక తండ్రితో నగరమునకు పోయినప్పుడు ఒక రొట్టెల దుకాణమున గుండ్రని చిన్నరొట్టె నొకదానిని కొనియిచ్చిరి. అది పైన ఎఱ్ఱగా, లోపల మెత్తగా, నిమ్మవాసనతో నుండెను. దానిని స్కోను అందురని అంగడివాడు చెప్పెను. బాలిక సగము తిని, తక్కిన సగమును కాగితమున చుట్టి ఇంటికి తెచ్చెను. అవ్వ దానిని పాలలో ముంచకయే తినెను. తిని, కాగితమునంటిన పొడిని కూడ వ్రేలితో అద్దుకొనెను. అది చూచిన బాలిక, “ఈ రొట్టెను ఇంటియందే చేసెదను” అని నిశ్చయించుకొనెను.

ఆదివారమున ఆమె పనికి పూనుకొనెను. వారమంతయు తల్లి చిలికి కూడబెట్టిన వెన్నలో సగము తీసికొనెను. నిమ్మపండ్లను తురుముపీటపై తెల్లని భాగము సైతము పోవువరకు తురిమెను. నిమ్మరసమును వంటసోడాతో ఒక గిన్నెలో కలిపెను. బుసబుస పొంగిన నురుగును చూచి సంతోషించెను. ఆ వెనుక వెన్న తెచ్చి పిండిలో కలుపుటకు మొదలుపెట్టెను. అంతలో నురుగు అణగిపోయెను. అది చూచి ఇంకొక చెంచాడు సోడా వేసెను. పిండిని చపాతీలకు వలె పావుగంటసేపు గట్టిగా పిసికెను. మందపు గిన్నెలో ఇసుక పరచి, దానిపై పళ్లెము పెట్టి, మూతవేసి కాల్చెను.

రొట్టెలు పొంగలేదు. రాళ్లవలె గట్టిపడినవి. అవ్వ ఒకదానిని పాలలో ముంచుకొని మెల్లగా తిని, “వాసన బాగున్నది, బిడ్డా!” అనెను. బాలిక తానొక ముక్క నోట వేసికొనెను. అది చేదుగాను, సబ్బువలెను ఉండెను. అవ్వ తనకొఱకు దానిని మ్రింగినదని తెలిసికొని ఆమె కన్నులు చెమర్చినవి. తల్లి కోపింపక ఇట్లనెను: “వెన్న పోయినది, పోనిమ్ము. అది ఎందుకు పోయినదో తెలిసికొనకున్నచో మాత్రము నిజముగా పోయినట్లే.”

మఱునాడు బాలిక పాఠశాలలో సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయినిని సమీపించి జరిగినదంతయు చెప్పెను. ఆమె నవ్వలేదు. “నీవు నాలుగు తప్పులు చేసితివి. నాలుగింటికిని కారణములు కలవు” అని ఒక్కొక్కటిగా వివరించెను.

మొదటిది చేదు. నిమ్మ, నారింజ, బత్తాయి, దబ్బ మొదలగునవి యన్నియు ఒకే కుటుంబమునకు చెందిన ఫలములు. వీని తొక్కపైన చుక్కలవలె కనిపించునవి నూనెతిత్తులు. వానియందలి నూనెలో లిమోనీన్ అను పదార్థము ప్రధానమైనది. తొక్కను వంచినపుడు చివ్వున చిమ్మి ముక్కునకు తగులు వాసన ఈ నూనెదే. తిత్తులున్నది పై పొరయందు మాత్రమే. దాని క్రిందనున్న తెల్లని పొరలో చేదు పదార్థములు కలవు. కావున రంగున్న పై పొరను మాత్రమే తేలికగా తురుమవలెను. తెలుపు కనబడగానే పండును త్రిప్పవలెను. రసమునకు పులుపే గాని అంతటి వాసన లేదు. కాల్చిన రొట్టెకు సువాసన నిచ్చునది తొక్కయే.

రెండవది పొంగకపోవుట. నిమ్మరసమున సిట్రిక్ ఆమ్లము కలదు. దీనిని 1784 వ సంవత్సరమున షీలే అను రసాయనశాస్త్రజ్ఞుడు నిమ్మరసమునుండి స్ఫటికములుగా వేరుచేసెను. ఆమ్లము వంటసోడాతో కలిసినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఆ వాయువే పిండిలో చిక్కుకొని, వేడికి వ్యాకోచించి రొట్టెను పొంగించును. బాలిక ఆ వాయువును గిన్నెలోనే పుట్టించి గాలిలోనికి పోనిచ్చినది. కావున సోడాను పొడిపిండిలోను, రసమును పాలలోను వేఱువేఱుగ నుంచి, చివరకు కలిపి, వెంటనే కాల్చవలెను.

మూడవది సబ్బురుచి. ఆమ్లమునకు సరిపడు సోడా వేసినచో రెండును ఒకదానినొకటి తటస్థపరచుకొనును. ఎక్కువ వేసినచో మిగిలిన సోడా వేడికి బట్టలుతుకు సోడాగా మారును. ఆ రుచియే నాలుకకు తగిలినది. పొంగు చాలలేదని సోడా పెంచుట పొరపాటు.

నాలుగవది గట్టిదనము. గోధుమపిండిలోని మాంసకృత్తులు నీటితో కలిసి మర్దింపబడినపుడు గ్లూటెన్ అను సాగెడు జిగురు ఏర్పడును. చపాతీ సాగుటకు అదియే కారణము. స్కోనునకు అది తగదు. ఎంత పిసికిన అంత గట్టిపడును. జొన్నలో ఈ జిగురు లేదు. అందుచేతనే జొన్నపిండిని మరిగిన నీటితో కలిపి, అందలి పిండిపదార్థము మెత్తబడి అంటుకొనునట్లు చేయుదురు.

పిమ్మట ఉపాధ్యాయిని ఈ రొట్టె చరిత్రను కూడ చెప్పెను. స్కోను స్కాట్లండు దేశపు రొట్టె. 1513 వ సంవత్సరపు రచనలోనే దాని పేరు కనబడుచున్నది. ఆదిలో దానిని ఓట్సు, బార్లీ పిండితో చేసి, పెద్ద గుండ్రని రొట్టెగా పెనముపై కాల్చి, నాలుగు ముక్కలుగా కోసెడివారు. అనగా పేదవాని పెనపురొట్టె. ఈ విషయమున అది మన జొన్నరొట్టెకు దూరపు చుట్టము. ఇప్పటివలె పొంగిన మెత్తని రూపము బేకింగ్ పౌడరు వచ్చిన పిదప కలిగినది.

ఆ బేకింగ్ పౌడరు పుట్టుకయు గమనింపదగినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవ్యాపారి యుండెను. ఆయన భార్యకు పులిసిన రొట్టె సరిపడదు. గ్రుడ్లును సరిపడవు. 1837 వ సంవత్సరమున ఆయన ఆమెకొఱకు గ్రుడ్డు లేని కస్టర్డు పొడిని చేసెను. 1843 లో ఈస్టు అవసరము లేకయే రొట్టెను పొంగించు పొడిని కనిపెట్టెను. అది సోడాయు, పొడిరూపమున నున్న ఆమ్లపదార్థమును, రెండును తడిసి ముందే కలియకుండుటకు పిండిపదార్థమును చేర్చిన మిశ్రమము. ఇంటిలో నొక్కరు తినలేకపోవుట చూచి ఒకడు చేసిన ప్రయత్నము నేడు లోకములోని వంటయిండ్లకు పనికివచ్చుచున్నది. ఈ కథ విని బాలిక కొంతసేపు మాటాడలేదు.

ఇంటికి వచ్చి ఈ సంగతులన్నియు అవ్వకు చెప్పెను. అవ్వ శ్రద్ధతో విని ఇట్లనెను: “బిడ్డా! సోడా సంగతి నాకు తెలియదు. కాని పండుగకు గరిజలు చేయునపుడు మైదాపిండిలో నెయ్యి వేసి వ్రేళ్లతో నలుపుదుము. పిడికిట పట్టిన ముద్ద నిలువవలెను, వ్రేలితో తాకిన విడిపోవలెను. అప్పుడే అవి గుల్లగా వచ్చును. నీ రొట్టెకును అట్లే చేసిచూడుము.”

అవ్వ మాట శాస్త్రమునకు సరిపోయినదే. వెన్న పిండిరేణువులకు పట్టినచో వానికి నీరు శీఘ్రముగా తగులదు. నీరు తగులనిచో జిగురు తక్కువగా ఏర్పడును. రొట్టె గుల్లగా నుండును. చల్లని వెన్నయైనచో అది కరగక చిన్నచిన్న పలుకులుగా నిలిచి, కాలునపుడు కరగి లోపల పొరలు నేర్పరచును. ఎండకాలమున వెన్నగిన్నెను చల్లని నీటిలో నుంచిన చాలును.

మఱుసటి ఆదివారమున ముగ్గురును కలిసి పనిచేసిరి. మైదాపిండి 250 గ్రాములు, చక్కెర 50 గ్రాములు, బేకింగ్ పౌడరు రెండు చిన్నచెంచాలు, వంటసోడా పావు చిన్నచెంచా, చిటికెడు ఉప్పు కలిపి జల్లించిరి. అందు రెండు నిమ్మపండ్ల పైతొక్క తురుము వేసిరి. చల్లని వెన్న 60 గ్రాములు చేర్చి, అవ్వ తన బిగుసుకొనిన వ్రేళ్లతోనే నలిపి, పిడికిట పట్టి చూపెను. 120 మిల్లీలీటర్ల పాలలో ఒక పెద్దచెంచాడు నిమ్మరసము పోయగా పాలు విరిగి మజ్జిగవలె నయ్యెను. గిన్నె ముందుగానే పొయ్యిపై పది నిమిషములు వేడెక్కియుండెను. అప్పుడు పాలను పిండిలో పోసి, తడి కలియునంతవరకే కలిపిరి. ముద్దను రెండు వ్రేళ్ల మందమున చేతితో అదిమి, ఎనిమిది ముక్కలుగా కోసి, పైన పాలు పూసి, గుడ్డతో పట్టుకొని పళ్లెమును జాగ్రత్తగా గిన్నెలోనికి దింపిరి. సన్నని సెగపై సుమారు అరగంటకు అవి కాలినవి. విద్యుత్పొయ్యి గలవారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పదునైదు నిమిషములు కాల్చిన చాలును. సన్నని పుల్లతో గ్రుచ్చి చూచినపుడు పిండి అంటకున్నచో కాలినట్లే.

మూత తీయగానే నిమ్మవాసన ఇల్లంతయు నిండెను. రొట్టెలు రెండింతలుగా పొంగి, ప్రక్కల పగుళ్లు పాఱి యుండెను. అవ్వ ఒకదానిని విఱిచెను. అది చేతిలోనే రెండుగా విడిపోయెను. ఆమె పాలగిన్నెను దూరముగా జరిపి తినెను. ఈసారి వాసన మాట చెప్పలేదు. “ఇంకొక సగము పెట్టుము” అని మాత్రము అనెను. నగరమునుండి రాత్రికి తిరిగివచ్చు కొడుకునకై ఒకటి మూతక్రింద దాచెను.

ఆ సాయంకాలమున బాలిక జొన్నపిండి డబ్బా తెచ్చి అవ్వ ముందు పెట్టి, “అవ్వా! నాకు రొట్టె తట్టుట నేర్పుము” అనెను. అవ్వ ఆమె ముఖము చూచి, పీటను దగ్గరకు లాగి, “నీళ్లు బాగుగా మరగనిమ్ము. చేయి కాలునని భయపడితివా, రొట్టె పగులును” అనెను.

ప్రశ్నలు

1. మొదటిసారి చేసిన రొట్టెలు చెడిపోవుటకు గల నాలుగు కారణములను వివరింపుము.
2. గోధుమపిండికిని జొన్నపిండికిని గల భేదమేమి? ఆ భేదమును బట్టి వంటపద్ధతి ఎట్లు మారినది?
3. అవ్వకు తెలిసిన గరిజల పద్ధతి స్కోనుల కెట్లు ఉపయోగపడినది?
4. ఆల్ఫ్రెడ్ బర్డ్ కథకును ఈ బాలిక కథకును గల పోలిక నీ మాటలలో వ్రాయుము.
5. “ఎందుకు పోయినదో తెలిసికొనకున్నచో మాత్రము నిజముగా పోయినట్లే.” ఈ మాట నెవరు, ఎప్పుడు అనిరి? దీని భావమేమి?