కప్ప కడుపులో బూజు

వానాకాలంలో రొట్టెముక్కను రెండు మూడు రోజులు మరచిపోతే ఏమవుతుంది? దానిమీద దూదిలాంటి బూజు పడుతుంది. బూజు ఒక శిలీంధ్రం. చర్మంమీద వచ్చే తామరకూ మరో రకం శిలీంధ్రమే కారణం. ఇవి మీకు తెలిసినవే. కాని, ఒక శిలీంధ్రం మనిషి పేగుల్లో గడ్డగా పెరిగి, క్యాన్సర్‌లా కనిపించి వైద్యులనే తికమక పెడుతుందంటే నమ్ముతారా?

దాని పేరు బాసిడియోబోలస్ రానారమ్. లాటిన్ భాషలో 'రానారమ్' అంటే 'కప్పల యొక్క' అని అర్థం. 1886లో ఐడమ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని కప్పల మలంలో కనుగొన్నాడు. అందుకే ఆ పేరు వచ్చింది.

ఎలా బతుకుతుంది?

కప్పలు, బల్లులు, తొండల పేగుల్లో ఈ శిలీంధ్రం వాటికి హాని చేయకుండా ఉంటుంది. మలంతో బయటపడి సిద్ధబీజాలను తయారుచేస్తుంది. సిద్ధబీజం కింద ఉన్న కాడ నీటితో ఉబ్బుతుంది. లోపలి ఒత్తిడి పెరిగి కాడ పగలగానే సిద్ధబీజం తారాజువ్వలా ఎగిరిపోతుంది! మరికొన్ని సిద్ధబీజాలు పురుగులకు అంటుకుంటాయి. ఆ పురుగులను బల్లి తింటుంది. శిలీంధ్రం మళ్ళీ పేగుల్లోకి చేరుతుంది.

మనిషిలో ఏం చేస్తుంది?

మనుషుల్లో ఈ వ్యాధిని మొదట 1956లో ఇండోనేషియాలో గుర్తించారు. అది చర్మం కింద, ముఖ్యంగా పిల్లల తొడలపైన, పిరుదులపైన గట్టి వాపుగా వస్తుంది. దక్షిణ భారతదేశంలోనూ ఇటువంటి రోగులను చూశారు. 1964లో నైజీరియా నుంచి మరో వార్త వచ్చింది. ఆరేళ్ళ బాలుడి జీర్ణాశయ భాగాల్లో అదే శిలీంధ్రం కనబడింది. తరువాత అమెరికాలోని అరిజోనాలో, సౌదీ అరేబియాలో, ఇరాన్‌లో కూడా ఇలాంటి రోగులు బయటపడ్డారు. మట్టి ద్వారానో, కలుషితమైన ఆహారం ద్వారానో ఇది నోటిలోకి చేరుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వ్యాధి చాలా అరుదు. ఒకరినుంచి ఒకరికి అంటదు.

మారువేషం

రోగికి కడుపునొప్పి, జ్వరం ఉంటాయి. బరువు తగ్గుతాడు. పొట్టమీద చేయి వేస్తే గడ్డ తగులుతుంది. పెద్దపేగు గోడ మందంగా ఉంటే క్యాన్సర్ అనుకుంటారు. నొప్పి కుడివైపు కింద ఉంటే ఉండుకం వాచిందనుకుంటారు. పేగుల క్షయ అనో, క్రోన్స్ వ్యాధి అనో కూడా అనుమానించవచ్చు. ఇక్కడే ప్రమాదం! క్రోన్స్ వ్యాధికి శరీర రక్షణశక్తిని తగ్గించే మందులు ఇస్తారు. అవి ఈ రోగికి ఇస్తే శిలీంధ్రానికి అడ్డు తొలగినట్లే. సకాలంలో గుర్తించకపోతే ప్రాణాలకే ముప్పు.

దొంగను పట్టేదెలా?

మన తెల్ల రక్తకణాల్లో ఇసినోఫిల్స్ అనేవి ఒక రకం. మామూలుగా ఇవి నూటికి ఆరుకు మించవు. కడుపులో నులిపురుగులున్నా, ఎలర్జీ ఉన్నా పెరుగుతాయి. ఈ వ్యాధిలోనూ బాగా పెరుగుతాయి. అంటే పొట్టలో గడ్డ, రక్తంలో ఎక్కువ ఇసినోఫిల్స్ ఒకేచోట కనిపిస్తే వైద్యుడు శిలీంధ్రాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. అప్పుడు గడ్డలోంచి చిన్న ముక్క తీసి, రంగులు అద్ది సూక్ష్మదర్శినితో చూస్తారు. వెడల్పైన శిలీంధ్ర తంతువులు, వాటి చుట్టూ గులాబీరంగు తొడుగు కనిపిస్తాయి. దొంగ దొరికినట్లే!

బాక్టీరియాను చంపే మందులు దీనిపై పనిచేయవు. ఇట్రాకొనజోల్ వంటి శిలీంధ్ర నాశకాలను నెలల తరబడి వాడాలి. కొందరికి శస్త్రచికిత్స కూడా అవసరమవుతుంది. సరైన చికిత్స అందితే చాలామంది కోలుకుంటారు.

ఇది చదివి గోడమీది బల్లిని చూసి భయపడకండి. అది పురుగులను తిని మనకు మేలే చేస్తుంది. మట్టిలో ఆడిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆహారంమీద మూత పెట్టండి. మరొక్క మాట గుర్తుంచుకోండి: సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా, గడ్డలోంచి ముక్క తీసి దానికింద పెట్టాలన్న అనుమానం ముందు మనిషికే రావాలి.