నానో చదవాలంటే తలతన్యతతో మొదలుపెట్టండి

కోర్సు పేరులో ‘నానో’ కనిపిస్తే చాలు, చేరిపోదామనుకునే విద్యార్థులు చాలామంది. పేరు చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. పనికొచ్చేది డిగ్రీలో చాలామంది పరీక్ష కోసం చదివి వదిలేసే పాఠమే: కొల్లాయిడ్లు, ఉపరితల రసాయన శాస్త్రం. పాలిమర్ పూత వేసిన బంగారు నానోకణాలు నూనె, నీరు కలిసే హద్దు దగ్గర ఎలా మెలుగుతాయో గమనిస్తే ఈ మాటలో నిజమెంతో తెలుస్తుంది.

సన్నని బంగారు కణాల వల్లే ద్రవానికి ఎర్రరంగు వస్తుందని మైకేల్ ఫారడే 1857లోనే వివరించాడు. అలాంటి కణం హద్దు మీద కూర్చుంటే, అంతమేర నూనె, నీరు ఒకదాన్నొకటి తాకే వైశాల్యం తగ్గి శక్తి కలిసొస్తుంది. ఆ శక్తిని లెక్కగట్టేది నూనె, నీటి హద్దు మీది తలతన్యత. అది మీటరుకు 50 మిల్లీన్యూటన్లు, కణం వ్యాసార్థం 5 నానోమీటర్లు, రెండు ద్రవాలతోనూ అది సమానంగా తడుస్తుందనుకోండి. దాన్ని అక్కణ్నుంచి ఊడదీయాలంటే గది వేడిమిలో కణాలను కుదిపే ఉష్ణశక్తికి సుమారు 950 రెట్లు కావాలి. వ్యాసార్థం 1 నానోమీటరైతే 40 రెట్లు కూడా అక్కర్లేదు. లెక్క వ్యాసార్థపు వర్గంతో నడుస్తుంది మరి. ఇంత లాభమున్నా సిట్రేట్‌తో చేసిన కణాలు రుణావేశం వల్ల హద్దుకు సులువుగా రావు. పాలిథిలీన్ గ్లైకాల్ పూత వేస్తే వాటంతటవే చేరతాయి. ఆ గొలుసులు హద్దు వెంట పరుచుకుని లోహపు గింజ కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. పెత్తనమంతా పూతదే.

దీన్ని కొలిచే పద్ధతి చూడండి. సూది కొసన వేలాడే నీటి చుక్కను నూనెలో ఉంచి కెమెరాతో చిత్రిస్తారు. కణాలు హద్దుకు చేరేకొద్దీ తలతన్యత తగ్గి చుక్క కిందికి సాగుతుంది. తర్వాత సిరంజితో కొంత నీటిని వెనక్కి లాగితే, కణాలు కిక్కిరిసిన ఆ హద్దు కాగిన పాల మీది మీగడలా ముడతలు పడుతుంది. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. తలతన్యత తగ్గింది కణాల వల్లా, కడిగినా మిగిలిపోయిన విడి పాలిమర్ వల్లా? ఆ పాలిమర్ ఒక్కటే ఉన్నా తలతన్యత తగ్గుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో పలుమార్లు కడిగి, పైన తేరిన ద్రవాన్ని విడిగా కొలిచినవారే జవాబు చెప్పగలరు. వైవాలో గానీ, కంపెనీ ఇంటర్వ్యూలో గానీ అభ్యర్థి సత్తా తెలిసేది ఇలాంటి జవాబులోనే.

ఇంత ఇరుకైన విషయానికి కొలువులెక్కడున్నాయని అడగవచ్చు. కేవలం బంగారు కణాల మీద పనిచేసే కొలువులు తక్కువే. కానీ హైదరాబాద్ ఫార్మా కంపెనీల ఫార్ములేషన్ విభాగాల్లోనూ, పురుగుమందులు, పెయింట్లు, క్రీముల తయారీలోనూ కణాలు గుంపుకట్టకుండా, ఎమల్షన్ విరిగిపోకుండా చూసేవారు కావాలి. గర్భనిర్ధారణ స్ట్రిప్ మీద ఎర్రగీత కూడా చాలావాటిలో బంగారు నానోకణాలదే. వాటి పూత చెడితే పరీక్షా చెడుతుంది.

ఇక పరిశోధన వైపు వెళ్దామంటే, పీహెచ్‌డీ అంటే ఏళ్ల తరబడి పని, అప్పటిదాకా ఇల్లు గడవాలి కదా అన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్ సిలబస్‌లో కొల్లాయిడ్లు, ఉపరితలాలు ఉన్నాయి. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్) అయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. ఇంట్లో బాధ్యతలుంటే ఎమ్మెస్సీ కాగానే ఫార్ములేషన్ ఉద్యోగంలో చేరడం ఏమాత్రం చిన్నతనం కాదు. రెండిట్లో ఏ దారి పట్టినా, చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు తలతన్యత కొలిచే పరికరమున్న ల్యాబ్‌నే వెతుక్కోండి.